పోటీ కోసం విద్యార్థి జట్టు రోబోను ఎలా రూపొందించాలి?

ఆసియా పసిఫిక్ దేశాల ప్రసార సంస్థల సమాఖ్య నిర్వహించే ఏబీయూ రోబోకాన్ పోటీ 2002లో టోక్యోలో మొదలైంది. ఏటా ఆతిథ్య దేశం తన సంస్కృతి నుంచి ఒక ఆటనో, ఒక పనినో ఎంచుకుని, దాన్ని రోబోలు చేయవలసిన పోటీగా మలుస్తుంది. 2008లో పుణెలో జరిగినప్పుడు అంశం ‘గోవిందా’, అంటే కృష్ణుడు ఉట్టిమీది వెన్న అందుకునే ఆట. 2022లో ఢిల్లీ వంతు వచ్చినప్పుడు ‘లగోరి’ ఇచ్చారు. మన వీధుల్లో ఆడుకునే ఏడుపెంకులాట అదే. 2024లో వియత్నాం ‘హార్వెస్ట్ డే’ పేరుతో వరి నాట్లు, కోతలు, గాదెలు నింపడం పెట్టింది. ప్రతి ఏడాదీ ఆట పూర్తిగా మారిపోతుంది కాబట్టి నిరుటి రోబోకు నాలుగు మార్పులు చేసి పోటీకి తీసుకువెళ్లడం కుదరదు. నిరుటి నుంచి మిగిలేది పని చేసే పద్ధతి ఒక్కటే. ఆ పద్ధతిని హార్వెస్ట్ డే ఆటను ఉదాహరణగా తీసుకుని వివరిస్తాను. మన దేశంలో ఇంజినీరింగ్ విద్యార్థులు జాతీయ స్థాయిలో తలపడే డీడీ రోబోకాన్‌ను దృష్టిలో ఉంచుకుని రాస్తున్నప్పటికీ, పాఠశాల స్థాయి పోటీలకు వెళ్లే జట్లకు కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది.

నియమావళిని ముందు విడివిడిగా చదవాలి

రూల్‌బుక్ వచ్చిన రోజున జట్టంతా ఒక గదిలో కూర్చుని, ఒకరు పైకి చదువుతుంటే మిగిలినవారు వినడం చాలా కళాశాలల్లో కనిపించే అలవాటు. అది మంచిది కాదు. రెండో పేజీ దాటేసరికి ఎవరో ఒకరు బోర్డు దగ్గరకు వెళ్లి బంతిని పట్టే చెయ్యి బొమ్మ గీయడం మొదలుపెడతారు. అక్కడి నుంచి అందరూ ఆ బొమ్మ కళ్లతోనే నియమాలను చూస్తారు. అందువల్ల మొదటి రెండు రోజులు ప్రతి ఒక్కరూ నియమావళిని ఒంటరిగా, కనీసం రెండుసార్లు చదివి, ఒక కాగితంపై మూడు వరుసలు రాసుకోవాలి: రోబో తప్పక చేయవలసినవి, చేయకూడనివి, నియమావళి ఏమీ చెప్పనివి. ఆ తరువాతే కలిసి కూర్చోవాలి.

ఈ మూడింటిలో మూడో వరుస చాలా విలువైనది. ప్రత్యర్థి ఇప్పటికే ఉంచిన వస్తువును మన రోబో పొరపాటున తాకితే ఏమవుతుంది, ఆట మొదలైన తరువాత రోబో చెయ్యి ఎంతవరకు చాచుకోవచ్చు, కింద పడిన బంతిని తిరిగి వాడుకోవచ్చా వంటి ప్రశ్నలకు సమాధానం దొరకకపోతే, నిర్వాహకులను వెంటనే రాతపూర్వకంగా అడగాలి. వారు ఎప్పటికప్పుడు విడుదల చేసే ప్రశ్నోత్తరాల పత్రాన్ని చదివే బాధ్యత జట్టులో ఒకరికి ప్రత్యేకంగా అప్పగించాలి, ఎందుకంటే ఆ పత్రంలోని ఒక్క వాక్యం వల్ల నెల రోజుల పని వృథా కావచ్చు.

హార్వెస్ట్ డే నియమాలను క్లుప్తంగా చెప్పుకుందాం. ప్రతి జట్టుకు రెండు రోబోలు ఉంటాయి. మొదటిదాన్ని, అంటే ఆర్‌1ను, విద్యార్థి నడపవచ్చు; అది నారును నిర్ణీత స్థలాల్లో నాటాలి, ధాన్యం బంతులను కోసి పై భాగానికి చేరవేయాలి. రెండోది, ఆర్‌2, పూర్తిగా తనంతట తానే పనిచేయాలి. మెట్ల పొలాల్లా ఎత్తు పెరిగే మైదానాన్ని ఎక్కి, తన జట్టు రంగు బంతులను ఏరి గాదెల్లో వేయాలి. బంతుల్లో ఎరుపు ఒక జట్టువి, నీలం మరో జట్టువి కాగా, ఊదా రంగువి తాలు గింజలు. ఇరుజట్లకూ ఉమ్మడిగా ఉన్న ఐదు గాదెల్లో ఒక్కోదానిలో మూడు బంతులే పడతాయి. వాటిలో మూడు గాదెలను షరతుల ప్రకారం వశం చేసుకున్న జట్టు ‘మువా వాంగ్’ సాధించి, ఆట సమయం మిగిలి ఉన్నా అక్కడికక్కడే గెలుస్తుంది. ఆ షరతుల్లో ముఖ్యమైనది, గాదెలో పైన ఉన్న బంతి తమ రంగుదే కావడం. ఆట నిడివి మూడు నిమిషాలు. వీటికి తోడు కొలతల హద్దులుంటాయి: రెండు రోబోల మొత్తం బరువు 50 కిలోలు, బ్యాటరీ నామమాత్ర వోల్టేజీ 24, గాలి పీడనం 600 కిలోపాస్కల్స్ దాటకూడదు. ఈ అంకెలన్నింటినీ ఒకే పెద్ద కాగితంపై రాసి ప్రయోగశాల గోడకు అంటించాలి. రాసిపెట్టకపోతే బరువు హద్దు ఆఖరి నెలలోనే గుర్తొస్తుంది. అప్పుడు చట్రానికి రంధ్రాలు పొడుస్తూ కూర్చోవలసి వస్తుంది.

రోబో లేకుండానే ఆటను ఆడి చూడాలి

రూపకల్పన మొదలుపెట్టే ముందు, కళాశాల వరండాలోనో బాస్కెట్‌బాల్ కోర్టులోనో మైదానాన్ని అసలు కొలతలతో సుద్దముక్కతో గీసి, ఒకరు ఆర్‌1గా, ఒకరు ఆర్‌2గా, మరో ఇద్దరు ప్రత్యర్థులుగా ఆడాలి. చూసేవారికి నవ్వులాటగా ఉంటుంది కానీ, కాగితంపై ఎన్నటికీ తెలియని విషయాలు ఇక్కడ అరగంటలో బయటపడతాయి. గాదె దగ్గరకు రెండు రోబోలు ఒకేసారి వస్తే ఎవరికి దారి దొరుకుతుంది? ఆర్‌1 పైకి పంపిన బంతి దొర్లి మూలకు చేరితే ఆర్‌2 దాన్ని ఎలా తీస్తుంది? మన గాదెపై ప్రత్యర్థి తన బంతి వేసే అవకాశం ఎంతసేపు ఉంటుంది?

తరువాత గడియారం లెక్క వేయాలి. మూడు నిమిషాలంటే 180 సెకన్లు. ఆర్‌2 మైదానం ఎక్కి పై భాగానికి చేరడానికి 20 సెకన్లు పడుతుందనుకుంటే 160 మిగులుతాయి. ఒక బంతిని గుర్తించడం, దగ్గరకు వెళ్లడం, పట్టుకోవడం, గాదెకు తీసుకురావడం, వేయడం అనే ఐదు అంచెలకు కలిపి 16 సెకన్లు పడితే, మొత్తం మీద పది బంతులు. ఆరేడు బంతులతోనే మూడు గాదెలను వశం చేసుకునే అవకాశం ఉంది కాబట్టి, 16ను 12 సెకన్లకు తగ్గించేందుకు కష్టపడాలా, లేక వేసిన ప్రతి బంతీ సరిగా పడేలా చూడాలా అన్నది ఇప్పుడే తేల్చుకోవాలి.

ఇక్కడ ఒక గుణకారం జట్టులో ప్రతి ఒక్కరికీ కంఠతా రావాలి. ఐదు అంచెల్లో ఒక్కొక్కటీ నూటికి 90 సార్లు సరిగా జరిగితే, ఐదూ వరుసగా సరిగా జరిగేది నూటికి 59 సార్లే. ఒక్కో అంచె 95కు పెరిగితే మొత్తం 77 అవుతుంది. 98కి పెరిగితే 90 దాటుతుంది. ‘మా చెయ్యి పదిలో తొమ్మిదిసార్లు పట్టుకుంటోంది’ అని మెకానికల్ విభాగం సంబరపడుతున్నప్పుడు, దాదాపు సగం బంతులు గాదెకు చేరడం లేదన్న సంగతి ఈ లెక్క లేకుండా ఎవరికీ తట్టదు. నా దృష్టిలో విద్యార్థి జట్లు ఓడిపోవడానికి వేగం చాలకపోవడం కన్నా ఈ గుణకారాన్ని మరవడమే పెద్ద కారణం. అంచెల నాణ్యత పెంచడం ఎలాగూ అవసరమే. అంతకంటే సులువైన దారి అంచెల సంఖ్య తగ్గించడం. బంతిని పట్టుకున్న చేతితోనే, తిప్పకుండా, గాదెలో వదలగలిగితే ఒక అంచె మొత్తంగా పోయినట్టే.

ఈ లెక్కల చివర జట్టు ఒక పేజీ పత్రం రాసుకోవాలి. రోబో ఏం చేస్తుందో, ఎన్ని సెకన్లలో చేస్తుందో, అన్నిటికంటే ముఖ్యంగా ఏం చేయబోదో అందులో ఉండాలి. చేయబోని పనులను రాతలో పెట్టకపోతే, మూడో నెలలో ఎవరో ఒకరు ‘ఇది కూడా చేర్చేద్దాం’ అంటారు, మొహమాటానికి అందరూ తలూపుతారు.

యంత్రాంగాన్ని అట్టముక్కలతో మొదలుపెట్టాలి

బంతిని తీసుకునే పనికే కనీసం మూడు దారులున్నాయి. రెండు వేళ్ల పంజాతో పట్టుకోవచ్చు, తిరిగే రోలర్లతో లోపలికి లాక్కోవచ్చు, వాక్యూమ్ కప్పుతో అంటించుకోవచ్చు. మూడింటినీ బోర్డు మీద వాదించి తేల్చుకోవడం కాలయాపన. ప్లైవుడ్, అట్ట, రబ్బరు బ్యాండ్లు, పాత డ్రిల్లింగ్ యంత్రం మోటారు వాడి రెండేసి రోజుల్లో మూడు నమూనాలు చేసి, నియమావళిలో చెప్పిన కొలతలు, బరువు ఉన్న బంతితోనే ఒక్కోదాన్ని యాభై సార్లు పరీక్షించాలి. బజారులో దొరికిన ఏదో ఒక బంతితో పరీక్షించిన ఫలితానికి విలువ లేదు. ఉపరితలం నునుపు కొంచెం మారినా రోలరు పట్టు మారిపోతుంది.

పరీక్షలో బంతిని ప్రతిసారీ చేతి ముందు సరిగ్గా మధ్యలో ఉంచి చూడటం మనకు మనమే చేసుకునే మోసం. నిజమైన ఆటలో రోబో ఆగే చోటు రెండు మూడు సెంటీమీటర్లు అటూ ఇటూ అవుతుంది, బంతి కూడా కదులుతూ ఉండవచ్చు. అందువల్ల బంతిని కావాలనే పక్కకు జరిపి, ఎన్ని సెంటీమీటర్ల తేడా వరకు యంత్రాంగం ఓర్చుకుంటుందో కొలవాలి. పంజా 1 సెంటీమీటరు తేడాకే తప్పిపోతూ, రోలర్లు 6 సెంటీమీటర్ల వరకు లాక్కుంటూ ఉంటే, పంజా ఎంత అందంగా ఉన్నా రోలర్లనే ఎంచుకోవాలి. అలా ఎంచుకున్నప్పుడు చక్రాలు, సెన్సర్లు, ప్రోగ్రాము చూసేవారి పని కూడా సగం తేలికవుతుంది, ఎందుకంటే వారు ఇక మిల్లీమీటర్ల కోసం పాకులాడనక్కరలేదు. యంత్రాంగం చూపే ఓర్పు, ప్రోగ్రాము చూపే తెలివి కన్నా చౌక.

నమూనా గెలిచిన తరువాతే కంప్యూటరులో క్యాడ్ నమూనా గీయాలి. అందులో ప్రతి భాగానికీ బరువు నమోదు చేస్తూ, మొత్తంలో పదో వంతు ఖాళీ వదలాలి. తీగలు, నట్లు, బోల్టులు, చివరి నిమిషపు అతుకులు కలిసి ఆ ఖాళీని తప్పక తినేస్తాయి. బేరింగులు, షాఫ్టులు, అల్యూమినియం సెక్షన్ల కోసం హైదరాబాదు జట్లు రాణిగంజ్‌కు, ఎలక్ట్రానిక్ విడిభాగాల కోసం కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్తాయి. విజయవాడ చుట్టుపక్కల వారికి లేతు పని, వెల్డింగుకు ఆటోనగర్ ఉంది. దుకాణంలో సులువుగా దొరికే కొలతకే క్యాడ్‌లో భాగాన్ని గీస్తే, పోటీ ముందు రోజు విరిగినా మరొకటి దొరుకుతుంది.

చట్రం, చక్రాలు, వాటి లెక్కలు

రోబో ఏ దిశకైనా తిరగకుండానే కదలాలంటే మెకానమ్ చక్రాలో, ఓమ్ని చక్రాలో వాడతారు. మూడు ఓమ్ని చక్రాల చట్రం తేలిక, ఖర్చూ తక్కువ. నాలుగు చక్రాలది నిలకడగా ఉంటుంది కానీ నేల ఎగుడుదిగుడుగా ఉంటే ఒక చక్రం గాలిలో ఉండిపోతుంది. మైదానంలో ఏటవాలు ఉన్నప్పుడు నాలుగు చక్రాలు, వాటిలో ఒక జతకు చిన్న కదలికనిచ్చే కీలు ఉండటం మేలు.

మోటారు ఎంపికకు ఊహలు పనికిరావు, చిన్న లెక్క చాలు. ఉదాహరణకు 25 కిలోల రోబో 15 డిగ్రీల ఏటవాలు ఎక్కాలనుకుందాం. బరువు వల్ల కిందికి లాగే బలం సుమారు 63 న్యూటన్లు. వేగం పుంజుకోవడానికీ, రాపిడికీ కలిపి దాన్ని రెట్టింపు చేస్తే సుమారు 127 న్యూటన్లు. చక్రం వ్యాసం 100 మిల్లీమీటర్లు అయితే, నాలుగు మోటార్లకు పంచినప్పుడు ఒక్కోదానికి 1.6 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, కావాలి. దుకాణాల్లో మోటారు మీద రాసి ఉండే లెక్కలో ఇది సుమారు 16 కేజీ-సెంటీమీటర్లు. అయితే దుకాణదారు గొప్పగా చెప్పే అంకె తరచుగా స్టాల్ టార్క్, అంటే మోటారు ఆగిపోయేటప్పుడు ఇచ్చేది. నిరంతరం వాడుకోగలిగింది అందులో నాలుగో వంతో, మూడో వంతో అనుకుని కొనాలి. వేగం విషయానికొస్తే, అదే చక్రం నిమిషానికి 300 సార్లు తిరిగితే సెకనుకు 1.57 మీటర్లు వెళ్తుంది. ఈ పరిమాణంలోని మైదానానికి అది చాలు. 600 సార్లు తిరిగే మోటారు కొని, చివరికి ప్రోగ్రాములో సగం వేగానికి తగ్గించుకున్న జట్లను చాలానే చూశాను.

గరిమనాభి ఎత్తు మరో లెక్క. ముందు చక్రాల నుంచి గరిమనాభికి అడ్డంగా 300 మిల్లీమీటర్లు, నేల నుంచి దాని ఎత్తు 450 మిల్లీమీటర్లు ఉంటే, సమతల నేలపై భూమ్యాకర్షణ త్వరణంలో 0.67 వంతు తీవ్రతతో బ్రేకు వేసేవరకు రోబో బోల్తా పడదు. అదే రోబో 15 డిగ్రీల వాలులో దిగుతూ బ్రేకు వేస్తే ఆ హద్దు 0.39కి పడిపోతుంది. సమతల నేల మీద నెల రోజులు చక్కగా నడిచిన రోబో వాలులో మొదటి రోజే ముందుకు పల్టీ కొట్టడానికి కారణం ఇదే. బ్యాటరీలు, గాలి సీసాలు, బరువైన మోటార్లు చట్రానికి అట్టడుగున ఉండాలి.

గాలితో నడిచే సిలిండర్లు వాడేవారు సీసాలోని గాలికి కూడా ఖాతా రాయాలి. 25 మిల్లీమీటర్ల బోరు (లోపలి వ్యాసం) ఉన్న సిలిండరు 6 బార్ (600 కిలోపాస్కల్స్) దగ్గర సుమారు 295 న్యూటన్ల బలాన్నిస్తుంది. బంతిని పట్టడానికి అది ఎక్కువ, 16 మిల్లీమీటర్లదే 120 న్యూటన్లిస్తుంది. పెద్ద సిలిండరు 200 మిల్లీమీటర్లు చాచుకున్న ప్రతిసారీ దాదాపు 98 మిల్లీలీటర్ల గాలి ఖర్చవుతుంది. రెండు లీటర్ల సీసా 6 బార్‌తో మొదలైతే, పీడనాన్ని నిలకడగా ఉంచే రెగ్యులేటరు లేకుండా పదిసార్లు చాచేసరికి 3.3 బార్‌కు దిగుతుంది. వెనక్కి లాగడానికీ గాలే వాడితే ఇంకా ముందే అయిపోతుంది.

తీగలు, బ్యాటరీలు

పోటీ రోజున ఆగిపోయిన రోబోల్లో ఎక్కువ భాగం ఆగేది తీగల దగ్గరే. నేను ఒకప్పుడు ఉన్న జట్టులో, ఆర్నెల్ల శ్రమ తరువాత, సరిగ్గా ఆట మొదలైన నాలుగో సెకనులో, చక్రం ఎంత తిరిగిందో కొలిచే ఎన్‌కోడరు కనెక్టరు ఊడిపోయి రోబో ఉన్నచోటే గిరగిరా తిరిగింది. ఆ కనెక్టరు విలువ పట్టుమని పది రూపాయలు కూడా ఉండదు. అప్పటి నుంచి లాగినా ఊడని, గడియ పడే కనెక్టర్లు తప్ప వేరేవి వాడకూడదని, ప్రతి తీగకూ రెండు చివరలా పేరు అంటించాలని, కదిలే కీళ్ల దగ్గర తీగను గొలుసు గొట్టంలో నడపాలని నియమం పెట్టుకున్నాం. తీగలను ఊరికే గుచ్చి వాడే బ్రెడ్‌బోర్డు ప్రయోగశాల దాటి బయటకు రాకూడదు.

మోటార్లకూ, కంట్రోలరు బోర్డుకూ విద్యుత్తు విడివిడి దారుల్లో వెళ్లాలి. నాలుగు మోటార్లు ఒకేసారి బలం తీసుకున్నప్పుడు వోల్టేజీ ఒక్క క్షణం పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది. చూసేవారికి అది ప్రోగ్రాము లోపంలా కనిపిస్తుంది, ప్రోగ్రామర్లు వారం రోజులు లేని తప్పు కోసం వెతుకుతారు. ఆరు సెల్‌ల లిథియం పాలిమర్ బ్యాటరీ నామమాత్ర వోల్టేజీ 22.2, నిండుగా ఉన్నప్పుడు 25.2. ఒక్కో సెల్ 3.3 వోల్టుల కన్నా దిగకుండా చూడాలి, వాడనప్పుడు 3.8 దగ్గర ఉంచాలి, సెల్‌లన్నిటినీ సమంగా నింపే బ్యాలెన్స్ చార్జరుతోనే, మనిషి దగ్గర ఉండగానే చార్జి చేయాలి. అందరికీ అందేలా రోబోపై ఎర్రని అత్యవసర స్టాప్ బటన్ ఉండాలి. నియమం ఎలాగూ అడుగుతుంది, కానీ మొదటి నమూనా నుంచే పెట్టుకుంటే వేళ్లు దక్కుతాయి.

తనంతట తాను నడిచే రోబోకు చోటు, రంగు తెలియాలి

ఆర్‌2 ఎదుర్కొనే మొదటి ప్రశ్న ‘నేనెక్కడున్నాను?’ అన్నది. నడిపే చక్రాలు జారుతాయి కాబట్టి వాటి తిరుగుళ్లను లెక్కించి స్థానం తేల్చడం నమ్మదగింది కాదు. మోటారు లేకుండా స్ప్రింగుతో నేలకు ఆని తిరిగే చిన్న ఓమ్ని చక్రాలకు ఎన్‌కోడర్లు బిగించి, దిశ కోసం, రోబో ఎంత తిరిగిందో కొలిచే ఐఎంయూ సెన్సరును జత చేయడం ఎక్కువ జట్లు అనుసరించే మార్గం. 58 మిల్లీమీటర్ల చక్రానికి, ఒక చుట్టుకు 2400 గణనలిచ్చే ఎన్‌కోడరు పెడితే ఒక్కో గణన 0.08 మిల్లీమీటర్లకు లోపే. ఇంత సూక్ష్మంగా ఉన్నా దిశలో ఒక్క డిగ్రీ తప్పు చేరితే పది మీటర్ల దూరంలో రోబో 17 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. అందుకే మైదానంలోని తెల్లగీతనో, అంచు గోడనో చూసినప్పుడల్లా లెక్కను సరిచేసుకునే ఏర్పాటు ఉండాలి. గోడకు మెల్లగా ఆనుకుని సరిచేసుకోవడం చూడటానికి నాటుగా ఉంటుంది, కానీ నియమాలు ఒప్పుకుంటే దానికి మించిన నమ్మకమైన పద్ధతి లేదు.

రెండో ప్రశ్న రంగు. హార్వెస్ట్ డే రూపకర్తలు తాలు గింజలకు ఊదా రంగు ఎంచుకోవడంలో చిన్న కొంటెతనం ఉంది. రంగుల వలయంలో ఊదా నీలానికీ ఎరుపుకూ మధ్యలో ఉంటుంది. ప్రయోగశాలలోని ట్యూబులైటు కింద స్పష్టంగా వేరుగా కనిపించిన ఊదా, నీలం బంతులు స్టేడియంలో పైనుంచి పడే తీవ్రమైన కాంతిలో కెమెరాకు ఒకేలా కనిపించవచ్చు. కెమెరాలో రంగులనూ వెలుగునూ తనంతట తానే సర్దే ఆటోమేటిక్ వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్ రెండింటినీ ఆపేసి, విలువలను మనమే నిర్ణయించాలి. న్యూరల్ నెట్‌వర్క్ ఆధారిత గుర్తింపు వాడేట్టయితే, ఉదయపు ఎండ, సాయంత్రపు నీడ, పసుపు బల్బు, టీవీ కెమెరాల లైట్ల వంటి వెలుగుల్లో, సగం కప్పబడిన బంతులతో సహా ఫొటోలు తీసి శిక్షణ ఇవ్వాలి. ఒకే గదిలో తీసిన వెయ్యి ఫొటోల కన్నా పది చోట్ల తీసిన మూడు వందల ఫొటోలు మేలు.

తప్పుల్లో రెండు రకాలున్నాయని కూడా గుర్తించాలి. మన బంతిని చూసి తాలు అనుకుని వదిలేస్తే పోయేది కొన్ని సెకన్లు. తాలును మన బంతి అనుకుని గాదెలో వేస్తే, మూడు చోట్లున్న గాదెలో ఒకటి శాశ్వతంగా పోయినట్టే. అందువల్ల వరుసగా ఐదు కెమెరా ఫ్రేములు ఒకే మాట చెప్పేవరకు ఆగమని, అనుమానం వస్తే వదిలేయమని రోబోకు నేర్పాలి.

ప్రోగ్రామును స్టేట్ మెషీన్‌గా, అంటే ‘వెతుకు’, ‘సమీపించు’, ‘పట్టుకో’, ‘తీసుకెళ్లు’, ‘వెయ్యి’ అనే దశలుగా రాయాలి. ప్రతి దశకూ గరిష్ఠ కాలం ఉండాలి. నాలుగు సెకన్లలో పట్టు దొరకకపోతే వెనక్కి వచ్చి మళ్లీ వెతకాలి. ఈ ఒక్క ఏర్పాటు లేకపోవడం వల్ల మైదానం మధ్యలో బంతి ముందు శిలలా నిలబడిపోయిన రోబోలను ప్రతి ఏడాదీ చూస్తాం.

జట్టు, కాలం

పోటీకి నమోదయ్యే జట్టులో ముగ్గురు విద్యార్థులు, ఒక ఉపాధ్యాయుడు, వారికి తోడుగా ముగ్గురు సహాయకులు ఉంటారు. వెనుక పనిచేసేవారు పదిహేను మందైనా ఉంటారు. మెకానికల్, ఎలక్ట్రానిక్స్, ప్రోగ్రామింగ్ అని గోడలు కట్టుకుంటే ఎవరికి వారే యమునా తీరే అవుతుంది, లోపం ఎప్పుడూ పక్క విభాగానిదే అవుతుంది. బంతి తీసుకునే విభాగానికి ఒక మెకానికల్ విద్యార్థి, ఒక ఎలక్ట్రానిక్స్ విద్యార్థి, ఒక ప్రోగ్రామరు అని పనివారీగా పంచడం మంచిది. జాతీయ పోటీలో తుది దశకు ముందు డిజైన్ పత్రం, వీడియో పరిశీలన ఉంటాయి కాబట్టి, రోజూ చేసిన మార్పునూ దానికి కారణాన్నీ రాసే నోటుపుస్తకం ఒకటి ఉంటే ఆ పత్రం కోసం రాత్రుళ్లు జాగారం చేయనక్కరలేదు. సెమిస్టరు పరీక్షల వారాలను ప్రణాళికలో ముందే కొట్టేయాలి. ఆ వారాల్లో పని జరుగుతుందని అనుకునే జట్టుకు ఆ ఏడాది మొదటి తప్పు అదే.

సాధన, ఆ తరువాత మైదానం

పోటీకి నాలుగు వారాల ముందు యంత్రభాగాల మార్పులు ఆపేయాలి, వారం ముందు ప్రోగ్రాము మార్పులు ఆపేయాలి. మిగిలిన కాలమంతా సాధనదే. ఆర్‌1 నడిపేవారిని ముందే ఎంపిక చేసి, మొదటి నమూనా కదిలిన రోజు నుంచి వారి చేతికే కంట్రోలరు ఇవ్వాలి. ప్రతి పరుగుకూ పట్టిన సమయం, వేసిన బంతులు, ఆగిపోతే దానికి కారణం కాగితంపై రాయాలి. ముప్పై పరుగుల తరువాత ఆ కాగితాన్ని చూస్తే, జట్టంతా గొడవపడే సమస్య రెండుసార్లే వచ్చిందని, ఎవరూ పట్టించుకోని వదులు బోల్టు తొమ్మిదిసార్లు ఆట ఆపిందని తేలుతుంది. మరమ్మతులు ఆ వరుసలోనే చేయాలి.

రిఫరీ అనుమతితో మళ్లీ మొదలుపెట్టే ‘రీట్రై’ని కూడా సాధన చేయాలి. రోబోను తెచ్చి, ప్రారంభ గీతపై సరైన దిశలో ఉంచి, బటన్ నొక్కడానికి ఎవరు ఏ వైపు పట్టుకోవాలో నిర్ణయించుకున్న జట్టు ఎనిమిది సెకన్లలో చేసే పనికి, నిర్ణయించుకోని జట్టుకు పాతిక సెకన్లు పడుతుంది. రోబోకు రెండు వైపులా పట్టుకునే పిడులు, ప్రారంభ దిశను సరిచూసుకునే గుర్తు క్యాడ్ దశలోనే ఉండాలి. ఆటకు ముందు ఇచ్చే ఒక్క నిమిషపు సెట్టింగ్ సమయంలో చేయవలసిన పనులనూ ఇదే విధంగా వరుసపెట్టి, ఒకరు చదువుతుంటే మరొకరు చేయాలి.

పోటీ స్థలంలో డజన్ల కొద్దీ జట్ల బ్లూటూత్, వైఫై పరికరాలు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల పట్టీలోనే కిక్కిరిసి ఉంటాయి. ప్రయోగశాలలో నలభై మీటర్ల దూరం పనిచేసిన కంట్రోలరు అక్కడ ఐదు మీటర్లకే తడబడవచ్చు కాబట్టి, సంబంధం తెగిన అర సెకనులో మోటార్లు ఆగిపోయేలా ప్రోగ్రాము ఉండాలి, తీగతో నడిపే ప్రత్యామ్నాయాన్ని నియమాలు ఒప్పుకుంటే అదీ సిద్ధంగా ఉండాలి. ప్రయాణానికి రోబోను మూడు నాలుగు ముక్కలుగా విడదీసేలా బిగించి, ప్రతి ముక్కకు విడివిడి పెట్టె చేయించాలి. చేరుకున్న రోజునే మళ్లీ బిగించి, మైదానపు లైట్ల కింద బంతుల ఫొటోలు తీసుకుని, రంగుల విలువలను అక్కడికక్కడ సరిచేసుకోవాలి. పరీక్షా పరుగుకు కేటాయించిన కొద్ది నిమిషాల్లో పూర్తి ఆట ఆడటానికి ప్రయత్నించకుండా, వాలు ఎక్కడం, రంగు గుర్తించడం, గాదెలో ఒక బంతి వేయడం అన్న మూడింటినే విడివిడిగా చూసుకోవాలి. ఆ రాత్రి హోటల్ గదిలో ప్రోగ్రాము తెరిచి ఆ రంగుల విలువలు తప్ప మరేదీ ముట్టుకోకూడదు.